అదర్శన మభావ మగునా? — వ్యాసకోశశోధనమును గూర్చిన విమర్శనము

పరిశోధనగ్రంథముల యుపోద్ఘాతములలో నొక వాక్యము నేఁడు తఱచుగాఁ గనఁబడుచున్నది. "ఈ విషయమును గుఱించి యింతవఱకు నెవ్వరును వ్యాసము వ్రాసియుండలేదు" అనునది యా వాక్యము. పూర్వమును ఇట్టి వాక్యము వ్రాయువారు లేకపోలేదు. కాని వారు కొంచెము జంకుచు, "మాకుఁ దెలిసినంతలో" అను మాటను ముందు నిలిపెడివారు. నేఁటివారి కా జంకు తొలఁగినది. ఏలన, వారి చేతిలో డేటాబేసు లున్నవి. కీబోర్డుమీఁద నాలు గక్షరములు నొక్కినంతనే "ఫలితములు సున్న" యని యంత్రము చెప్పును. ఆ సున్నను ప్రమాణముగాఁ గొని, ఆ విషయమున వ్యాసమే లేదని వారు తీర్మానించుచున్నారు. ఆ తీర్మానము శాస్త్రసమ్మతమా కాదా యని విచారించుటయే నా యుద్దేశము.

డేటాబేసను మాట యిప్పు డందఱకును పరిచితమే. పండితపత్రికలలోని వ్యాసముల వివరములను గాని, వ్యాసములనే కాని కూర్చిపెట్టిన డేటాబేసులను మాత్రమే నే నిందు గ్రహించి, సౌకర్యముకొఱకు వానిని వ్యాసకోశము లని వ్యవహరించెదను.

మొదట వీని యుపకారము నొప్పుకొనవలయును. నేను విద్యార్థిగా నున్న దినములలో నొక ప్రాఁతపత్రికలోని పదిపుటల వ్యాసమును జూచుటకు రాజమహేంద్రవరమందలి గౌతమీగ్రంథాలయమునకో, వేటపాలెమందలి సారస్వతనికేతనమునకో రైలెక్కి పోవలసియుండెను. పోవుట కొకదినము, వెదకుట కొకదినము, చేతితో నెత్తివ్రాసికొనుట కొకదినము. ఇప్పుడు నా శిష్యులు భోజనానంతరము వీధియరుగుమీఁదఁ గూర్చుండి, చేతిఫోనులో నా పనినే గడియలో ముగించుచున్నారు. దీనిని నిందించువాఁడు కృతఘ్నుఁడు.

ఈ కోశము లొక్కనాఁటఁ బుట్టినవి కావు. 1955లో యూజీన్ గార్ఫీల్డు అను అమెరికాదేశీయుఁడు, ఒక వ్యాసమును తరువాతివారు ఎచ్చటెచ్చట నుదాహరించిరో తెలుపు సూచిక యొకటి శాస్త్రములకుఁ గావలయునని ప్రతిపాదించి, 1964లో నట్టి సూచికను ప్రకటించెను. 1995లో జేస్టోరు సంస్థ యేర్పడి, పండితపత్రికలను మొదటిసంచికనుండియుఁ బుటపుటయుఁ జిత్రములుగా భద్రపఱుపసాగెను. 1996లో అమెరికా జాతీయవైద్యగ్రంథాలయమువారు పబ్‌మెడ్ అను కోశమును, 2004లో గూగుల్ సంస్థవారు గూగుల్ స్కాలరును వెలువరించిరి. మనదేశమున గాంధీనగరమందలి ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రమువారి శోధగంగలో 5 లక్షలకు మించిన సిద్ధాంతగ్రంథములు చేరియున్నవి. 2025 జనవరి 1వ తేదీ మొదలుగాఁ గేంద్రప్రభుత్వమువారు మూఁడేండ్లకు 6,000 కోట్ల రూపాయల వ్యయముతో, 30 మంది ప్రకాశకుల సుమారు 13,000 పత్రికలు ప్రభుత్వవిద్యాసంస్థలకు లభించునట్లు "ఒకే దేశము, ఒకే చందా" యను ప్రణాళికను బ్రారంభించిరి. భాండారము గొప్పదే. కాని యా ప్రకాశకులు అంతర్జాతీయవ్యాపారస్థులు. మన ప్రాఁత తెలుఁగు సాహిత్యపత్రికలు వారివి కావు. భాండారము పెద్దదైనకొలఁది, అందు లేనిది లోకముననే లేదను భ్రాంతియుఁ బెద్ద దగుచున్నది.

ఈ విచారమునకుఁ గారణమైన సంగతిని మనవిచేసెదను. ఇటీవల నొక పరిశోధకురాలు తన గ్రంథములోని ప్రథమాధ్యాయమును నాకుఁ జూపుటకు వచ్చెను. తెలుఁగు వ్రాఁతలో శకటరేఫము సాధురేఫములోఁ గలసిపోయిన క్రమము ఆమె విషయము. మంచి విషయము, శ్రమపడి వ్రాసినది. కాని రెండవపుటలోనే పై వాక్యము కనఁబడెను. శాసనములను బట్టి యీ మార్పును బరిశీలించినవారు లేరని యామె వ్రాసియుండెను.

"ఎక్కడ వెదకితివమ్మా?" అంటిని.

ఆమె యొక వ్యాసకోశము పేరు చెప్పి, "‘బండి ర’ అని వెదకితిని, గురువుగారూ. ఒక్క ఫలితమును రాలేదు" అనెను.

"ఏ రకారము నొక్కితివి?"

ఆమె క్షణ మాలోచించి నవ్వెను. బండి ఱకు బదులు సాధురేఫమునే నొక్కియుండెను. తా నే రెండక్షరముల భేదమును గుఱించి గ్రంథము వ్రాయుచున్నదో, ఆ భేదమే తన్ను మోసగించినది. అప్పుడే "బండి ఱ" అని వెదకఁగాఁ గొన్ని ఫలితములు వచ్చెను. "శకటరేఫము" అని వెదకఁగా వేఱుకొన్ని వచ్చెను. "అలఘురేఫము" అని వెదకఁగా మఱికొన్ని. వీనిలో నొకపట్టికలోని వ్యాసము మఱియొకదానిలో లేదు. పిమ్మట నేను నా బీరువాలోనుండి యొక ప్రాఁత త్రైమాసికపత్రిక బైండుసంపుటమును దీసి యామె ముందుంచితిని. అందొక పాఠశాలాపండితుఁడు పదునొకండు పుటల వ్యాసము వ్రాసియున్నాఁడు. శాసనములను కాలక్రమమునఁ బేర్చి, యే మాటలో మొట్టమొదట రెండు రేఫములును దారుమాఱైనవో చూపినాఁడు. ఆ వ్యాసశీర్షికలో బండియు లేదు, శకటమును లేదు. "రేఫద్వయ" మను మాట మాత్రమే యున్నది. ఏ కోశమునను ఆ వ్యాసము మాకు దొరకలేదు.

ఆమె వాక్య మట్లే యచ్చుపడియున్నచో నేమగును? ఆ గ్రంథ మొక కోశమునఁ జేరును. తరువాతి పరిశోధకుఁడు దానినిఁ జూచి, "ఈ విషయమున మొదటి పరిశోధన మిదియే" యని యుదాహరించును. ఆ యుదాహరణము మఱియొకదానికిఁ బ్రమాణ మగును. ఇట్లు మూఁడు తరములు గడచునప్పటికి, లాంతరువెలుఁగున శాసనప్రతులను సరిచూచుకొన్న యా పండితుఁడు వాఙ్మయచరిత్రనుండి తొలఁగిపోవును. ఆయనను ఖండించి తొలఁగించినవాఁడు లేఁడు; ఒక సున్న తొలఁగించును. మరణించినవానికి మరల నొక మరణమును గలిగించు నీ వాక్యమును మనము తేలికగా నెంచరాదు.

ఇప్పుడు ప్రమాణవిచారము. లేమిని దెలిసికొనుట యెట్లు? భాట్టమీమాంసకులును అద్వైతులును అనుపలబ్ధిని ఆఱవప్రమాణముగా నంగీకరించిరి. నేలమీఁద కుండ లేదని మన మెఱుఁగుట యా ప్రమాణముచేతనే. కాని ప్రతి యనుపలబ్ధియుఁ బ్రమాణము కాదని వారే నియమించిరి. యోగ్యానుపలబ్ధి మాత్రమే ప్రమాణము. వస్తు వున్నచోఁ దప్పక కనఁబడియుండునను స్థితి యుండి, అప్పుడును అది కనఁబడనిచో, లేదని చెప్పవచ్చును. దీపము వెలుఁగుచుండఁగా నేలపైఁ గుండ కనఁబడకున్న, కుండ లేదు. దీప మాఱియున్నప్పుడు కనఁబడకున్న, కుండ లేదని చెప్పువాఁ డవివేకి. దానిని దన్నుకొని పడువాఁడును వాఁడే.

కాఁబట్టి ప్రశ్న యిది. తెలుఁగు పండితవ్యాసముల విషయమున నేఁటి వ్యాసకోశములలో దీపము వెలుఁగుచున్నదా? వ్యాస మున్నచో యంత్రమునకుఁ గనఁబడితీఱు ననుటకు హేతు వున్నదా? లే దని నా సిద్ధాంతము. చీఁకటికిఁ గారణము లైదు తోఁచుచున్నవి.

మొదటిది పర్యాయపదములు. మన శాస్త్రములలో నొకవస్తువునకుఁ బెక్కు పేళ్లు. అరసున్న, అర్ధబిందువు, అర్ధానుస్వారము, ఖండబిందువు అను నాలుగును ఒకటియే యని మన పాఠశాలలోని బాలుఁడును చెప్పఁగలఁడు. యంత్ర మెఱుఁగదు. శకటరేఫమునకుఁ గల పేళ్లు పైఁ జెప్పితిని. ఇంగ్లీషున వ్రాసిన భాషాశాస్త్రజ్ఞులు దీనిని శకట మనరు. ద్రావిడభాషలలోని వర్త్స్యవర్ణములలో దీని మూలమును జెప్పి, క్రింద గీఁత గల రోమనక్షరముతో వ్రాయుదురు. బరో, ఎమెనో పండితుల ద్రావిడవ్యుత్పత్తికోశమునందును (1961; రెండవకూర్పు 1984), భద్రిరాజు కృష్ణమూర్తిగారి గ్రంథములందును నీ చర్చ యున్నది. "బండి" యని వెదకువానికి నది యెన్నఁడును జిక్కదు.

రెండవది లిపి. 1991లో వెలువడిన యూనికోడు మొదటికూర్పునుండియుఁ దెలుఁగక్షరములకుఁ బ్రత్యేకసంఖ్య లున్నవి. ర, ఱ లకుఁ బ్రక్కప్రక్కనున్న రెండు సంఖ్యలు. అరసున్నకును నిండుసున్నకును నట్లే. యంత్రము చూచునది యీ సంఖ్యలనే. "వాఁడు" అనునదియు "వాడు" అనునదియు మనకొక్కటే మాట. ప్రత్యేకముగా నేర్పాటు చేయనిచో యంత్రమునకు రెండు మాటలు. రేఫములను గుఱించి లక్షణము చెప్పిన యప్పకవికంటెను యంత్రము కఠినము. అప్పకవి తప్పు చూపి కారణము చెప్పును; యంత్రము సున్న చూపి యూరకుండును. ఇఁక రోమనులిపిలో నిచ్చిన శీర్షికల సంగతి. చిన్నయసూరి పేరులోని చకారమును గ్రంథాలయపద్ధతి ననుసరించువారు "సి" యను నొక్క యక్షరముతో వ్రాయుదురు. వాడుక ననుసరించువారు "సి", "హెచ్" అను రెంటితో వ్రాయుదురు. శకారమునకు "ఎస్" మీఁద గీఁత యుంచువారు కొందఱు, "ఎస్-హెచ్" అనువారు కొందఱు, వట్టి "ఎస్" అనువారు మఱికొందఱు. బాలవ్యాకరణమును ఒకమాటగా వ్రాయుటయో రెండుమాటలుగా విడఁదీయుటయో యింకను నిర్ణయము లేదు. ఒకే గ్రంథమునకుఁ బదిరూపము లేర్పడుట కీ భేదములే చాలును.

మూఁడవది సంధి. ఇది వైయాకరణుల కత్యంతము రుచించు విషయము గావునఁ గొంచెము విస్తరించెదను. వ్యాసకోశములు ఇంగ్లీషును దృష్టియందుంచుకొని పుట్టినవి. ఆ భాషలో మాటకు మాటకు నడుమ నెడ ముండును. మాట తుది మాత్రమే మాఱును. అందుచే మాట చివర నక్షత్రచిహ్న ముంచినచోఁ దక్కిన రూపము లన్నియు దొరకు నను నుపాయమును వారు కల్పించిరి. "వ్యాకరణ" యని వ్రాసి నక్షత్ర ముంచిన, వ్యాకరణము, వ్యాకరణమున, వ్యాకరణంలో అనునవి యన్నియు వచ్చును. ఇంతవఱకు మనకు నుపయుక్తమే. కాని మన భాషలో మాట మొదలును మాఱును. ద్వంద్వమునఁ బరుషములకు గసడదవ లాదేశ మగునని పాఠశాలలో నెల్లరుఁ జెప్పుదురు. "చేతులు" అని వెదకువానికి "కాలుసేతులు" దొరకదు. "తండ్రులు" అనువానికి "తల్లిదండ్రులు" దొరకరు. "పల్లెలు" అనువానికి "ఊరువల్లెలు" దొరకవు. పెక్కుకోశములు మాట మొదట నక్షత్ర ముంచుట నంగీకరింపవు. సంస్కృతసంధు లింతకంటెఁ జిక్కు. "మహేశ్వర" యను దానిలో "ఈశ్వర" యున్నాఁ డని మన మెఱుఁగుదుము. అక్షరసంఖ్యలలో నీకారము జాడయే లేదు. "మహోదధి"లో నుకారము నట్టిదే. సంధిని విడఁగొట్టలేని యంత్రమునకు సమాసభూయిష్ఠమైన మన శాస్త్రభాష సగము మూసిన గ్రంథమే.

నాలుగవది ముద్రణము. ప్రాఁతపత్రికలను స్కాను చేసినంతమాత్రమున యంత్రము వానినిఁ జదువఁజాలదు. పుట యప్పటికిఁ జిత్రము మాత్రమే. చిత్రమునుండి యక్షరముల గుర్తించు ప్రక్రియ వేఱు. నేఁటి ముద్రణమును యంత్రము బాగుగనే చదువుచున్నది. కాని నూఱేండ్లనాఁటి ముద్రణములో వలపలగిలక యున్నది. "ధర్మము", "కార్యము" వంటి మాటలలోని రేఫమును బ్రక్కన గిలకగా వ్రాసిన యా గుర్తు తెలుఁగు తొమ్మిదియంకెను బోలియుండును. యంత్రము దానిని అంకెగా గ్రహించినచో ధర్మమునడుమఁ దొమ్మిది చేరును. ఆ పుటలో "ధర్మము" అని వెదకువానికి ధర్మము లేదు.

అయిదవది క్రమము. దొరకినను ఏది ముందు, ఏది వెనుక? గార్ఫీల్డు ప్రతిపాదించిన యుదాహరణసంఖ్య నేఁడు పెక్కుచోట్ల వ్యాసముల పూర్వాపరక్రమమును నిర్ణయించువానిలో నొకటిగా నున్నది. ఎక్కువమంది యుదాహరించిన వ్యాసము ముందు వచ్చును. ముందు వచ్చినదానినే జనులు చదివి మఱల నుదాహరింతురు. కీర్తి కీర్తినే పెంచును. తెలుఁగులో వ్రాసిన వ్యాసమును తెలుఁగువారు తెలుఁగుపత్రికలలో నుదాహరింతురు. ఆ పత్రికలు కోశమున లేనిచో నా యుదాహరణములు లెక్కకు రావు. గావున నది తుదిపుటలో నుండును. తుదిపుటవఱకుఁ బోవు వాఁ డరుదు. కీర్తిక్రమమును బ్రామాణ్యక్రమముగా భ్రమించుట మన కెంతమాత్రమును దగదు.

ఇచట నొక పూర్వపక్షము. "ఈ దోషము లన్నియు భాషల కన్నింటికిని గలవు; పరదేశస్థు లెట్లు నిర్వహించుకొనుచున్నారు?" అందురేని, వినుఁడు. వైద్యశాస్త్రమువారు దీనినిఁ బండితోచితముగా నిర్వహించుకొనిరి. అమెరికా జాతీయవైద్యగ్రంథాలయమువారు 1960లోనే వైద్యవిషయశీర్షికల పట్టిక నొకదానినిఁ బ్రకటించిరి. అందు నేఁడు సుమారు 30,000 శీర్షిక లున్నవి. ప్రతిశీర్షికక్రిందను దాని పర్యాయపదములు, పైని దాని జాతి, క్రిందను దాని భేదములు. సామాన్యుఁడు గుండెపోటని తన వాడుకమాటతో నడిగినను, వైద్యులు పెట్టుకొన్న శాస్త్రీయనామముతో నున్న వ్యాసములును పబ్‌మెడ్‌లో వచ్చును. మూఁడుకోట్ల యేఁబదిలక్షలకు మించిన వ్యాసవివరము లందుండియు వెదకువాఁడు దారి తప్పకుండుటకు ముఖ్యకారణ మా పట్టికయే. ఇది మనకుఁ గ్రొత్తదా? కాండములుగా, వర్గములుగా విభజించి, యొక్కొక్క యర్థమునకుఁ బర్యాయములను గూర్చిన యమరసింహుని పద్ధతియే యిది. అమరమును గంఠస్థము చేసిన జాతి, తన వ్యాసములకు మాత్ర మమరమును గూర్చుకొనలేదు! దోషము యంత్రమునందుఁ గొంతయే, మనయందే మిక్కిలి.

"క్రొత్తగా వచ్చిన కృత్రిమమేధ యీ చిక్కుల నన్నింటిని దీర్చును, మాట మాఱినను భావము గ్రహించును" అని రెండవ పూర్వపక్షము. భావసామ్యమును బట్టి వెదకు శక్తి దాని కున్న మాట నిజమే. అందుచేఁ గొంత మేలును గలుగుచున్నది. కాని దాని దోషము విపరీతజాతిది. వ్యాసకోశ మున్నదానిని లేదనును. కృత్రిమమేధ లేనిదాని నున్నదనును. లేని వ్యాసమునకు శీర్షికను, కర్తను, పుటసంఖ్యలను గూడఁ గల్పించి యిచ్చుట కలదు. 2023లో న్యూయార్కునందొక న్యాయస్థానము, కృత్రిమమేధ కల్పించి యిచ్చిన తీర్పులను నిజమైనవిగా నుదాహరించిన న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా విధించెను. కుందేటికొమ్మును గొలిచి పొడవు చెప్పువానిని నమ్మి, కొమ్ముతో వ్యాపారము చేసినట్లు వారి పని యైనది. ఒకటి యభావభ్రాంతి, ఒకటి భావభ్రాంతి. రెంటికిని మందొకటియే: వ్యాసమును గంటఁ జూచువఱకు నున్నదనియు ననరాదు, తగినట్లు వెదకువఱకు లేదనియు ననరాదు.

తగినట్లు వెదకుట యెట్లు? వైయాకరణుల కిది కష్టము కాదు. పాణిని లోపమునకు నిర్వచనము చెప్పునపు డభావమని చెప్పలేదు, అదర్శనమని చెప్పెను. లోపించిన ప్రత్యయము కంటికిఁ గనఁబడదు. కాని దాని కార్యము నిలిచియుండును. ప్రత్యయము పోయినను ప్రత్యయలక్షణకార్యము జరుగునను నియమ మెఱుఁగనివాఁడు వైయాకరణుఁడే కాఁడు. వ్యాసములకు నిదే న్యాయము. కోశమునఁ గనఁబడని వ్యాసముయొక్క కార్యము తరువాతివారి యధోజ్ఞాపికలలో నిలిచియుండును. నా సంపుటములోని యా పండితుని వ్యాసమును నేను మొదట నెఱిఁగిన దట్లే. ముప్పదియేండ్లక్రింద నొక వ్యాకరణవ్యాఖ్య చదువుచుండఁగా, పుట యడుగున నా వ్యాసమును గూర్చిన యొక్క పంక్తి కనఁబడెను. ఆ పంక్తిని బట్టి సంపుటమును వెదకి కొంటిని. కాఁబట్టి దొరకిన వ్యాసమునందుఁ బేర్కొన్నవానిని వెనుకకును, దానిని బేర్కొన్నవానిని ముందునకును దడవుచుఁ బోవుట శోధనమునఁ బ్రధానాంగము.

తక్కిన యంగములను సంగ్రహముగాఁ జెప్పెదను. వెదకుటకు ముందే విషయమునకుఁ గల పర్యాయముల నన్నింటిని గాగితముమీఁద వ్రాసికొనవలయును. ఒక్కొక్కదానిని దెలుఁగులిపిలో అరసున్నతోను, లేకయు, ఱకారముతోను, రకారముతోను, మువర్ణముతోను, సున్నతోను, రోమనులిపిలో రెండుమూఁడు విధములను వెదకవలయును. ఆదేశము రాఁదగిన మాటకు నాదేశరూపమును జేర్పవలయును. వీనిని గలుపుటకు యంత్రమునందు మూఁడు పరికరము లున్నవి. జార్జి బూలు అను గణితజ్ఞుఁడు 1854లోఁ బ్రకటించిన తర్కగ్రంథమువలన నవి యాతని పేర వ్యవహరింపఁబడుచున్నవి. మనకవి చకారార్థమైన సముచ్చయము, వాకారార్థమైన వికల్పము, నఞర్థమైన నిషేధము. పర్యాయముల నడుమ వికల్పమును, భిన్నవిషయముల నడుమ సముచ్చయమును వాడవలయును. నిషేధమును మిక్కిలి జాగ్రత్తతో వాడవలయును. కోరినవానినిగూడ నది త్రోసివేయును. పర్యాయముల నడుమ సముచ్చయమును బెట్టి, నాలుగు పేళ్లు నొకచో నున్న వ్యాసము లేదని యేడ్చిన వారినిఁ జూచితిని.

పిమ్మట వెదకినదానిని నమోదు చేయవలయును. వైద్యశాస్త్రమున నొక విషయమునఁ గల పరిశోధనల నన్నింటినిఁ గూడఁబెట్టి సమీక్షించువారు, తా మే కోశములలో, ఏ దినమున, ఏ మాటలతో వెదకిరో వ్రాయవలయునని 2009లో నొక నియమావళి యేర్పడి, 2020లో సంస్కరింపఁబడినది. ప్రిస్మా యని దాని పేరు. సాహిత్యపరిశోధకుల కట్టి నియమము లేదు. ఉండవలయును. "ఎవ్వరును వ్రాయలేదు" అనుటకు మాఱుగా, "ఈ కోశములలో, ఈ తేదీని, ఈ మాటలతో వెదకితిని, దొరకలేదు, ఈ పత్రికాసంపుటములను జేతఁబట్టి చూచితిని, వీనినిఁ జూడలేదు" అని వ్రాసినచోఁ దరువాతివాఁడు మిగిలినచోట వెదకును. మొదటివాక్యము తలుపు మూయును; రెండవది దీప మందించును.

తుదకు మన కర్తవ్యము. ప్రాఁత పరిషత్తుల పత్రికలకును, భారతివంటి మాసపత్రికలకును సమగ్రమైన వ్యాససూచి కావలయును. వట్టి శీర్షికల పట్టిక చాలదు. ఒక్కొక్క వ్యాసమునకు విషయమును దెలుపు ప్రధానశీర్షికయు, దాని పర్యాయములును, ఉదాహృతగ్రంథములును, అన్నియుఁ దెలుఁగులిపిలోను, నిశ్చితమైన యొక్క రోమనుపద్ధతిలోను ఉండవలయును. దీనికి ధన మెక్కువ యక్కఱలేదు. చదువఁగల కన్నులు కావలయును. ఇంగ్లీషు శీర్షికలు పేర్చు నుద్యోగికి "రేఫద్వయము"ను శకటరేఫముక్రిందఁ జేర్పవలయునని తెలియదు, పాఠశాలాపండితునికిఁ దెలియును. ఒక్కొక్క పండితుఁ డేఁటికొక్క సంపుటమును జదివి సూచి వ్రాసినచోఁ జాలును. అప్పుడు యంత్రము చూపు సున్నకుఁ గొంత యర్థము గలుగును. దీపము వెలిగింపనివారము చీఁకటిని నిందింపరాదు.

ఈ వ్యాసము కోశమున కెక్కినపిమ్మట, "అరసున్న" యని వెదకువాఁడు దీనినిఁ గాంచును. "తెలుగు" అని వెదకువాఁడు నా వ్రాఁతలోని యరసున్నవలనఁ గాంచకపోవచ్చును. అది నా లోపమే. వైయాకరణుల యర్థమున లోపమని మనవి. ఆ పరిశోధకురాలు తన వాక్యమును దిద్దికొని, పాఠశాలాపండితుని వ్యాసమును దన ప్రథమాధ్యాయమున నుదాహరించి, ఆయన చూడని శాసనములను జేర్చి ముందునకు సాగినది. గ్రంథము మునుపటికంటెఁ జిన్నది కాలేదు. దాని కొక పూర్వికుఁడు దొరకెను. విద్వాంసు లీ మనవినిఁ బరిశీలించి, దోషములున్న సవరింతురు గాక.